రూతు పేరుతో ఒక ప్రయాణం

మొన్న పలాస వెళ్ళే ప్యాసింజరులో దారి పొడవునా కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నాను. దిగాక ముక్కు తుడుచుకోబోతే అరచేతికి అదే వాసన, చెమటా ఇనుమూ కలిసినది. డెబ్బైకి దగ్గరపడినదాన్ని, సంచిలో సరైన టిక్కెట్టు ఉన్నదాన్ని, అయినా గుండె దడదడలాడింది. ఆ వాసన తగిలితే నాకు మళ్ళీ పదేళ్ళే. పక్కన ఎస్తేరు పిన్ని ఉంటుంది.

పిన్ని మాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టరు. వాళ్ళాయన ఏసుదాసు బాబాయీ, మా నాన్నా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లు. ఆదివారం మధ్యాహ్నం పిన్ని తన వరండాలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పేది. మేము హిందువులమైనా నేనూ వెళ్ళేదాన్ని. మొదట్లో రంగుల బొమ్మల కార్డుల కోసం, తర్వాత ఆమె కోసం. పుస్తకం ముందు పెట్టుకుని చెప్పే మనిషి కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, చిరిగిన చొక్కాలు కుడుతూ చెప్పేది. ఒకసారి మేమంతా అక్కడ ఉండగానే అవతలి వరసలోని బెంగాలీ దీదీ కుట్టుమిషను అడగడానికి వచ్చింది. ఇవ్వడం తల్లికి ఇష్టముండదని తెలిసి, పిన్ని కూతురు రూతు "అమ్మ ఇంట్లో లేదు" అనేసింది. పిన్ని వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి, ఉన్నాననీ, మిషను మాత్రం ఇవ్వలేననీ ఆవిడకు చెప్పింది. దీదీ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. "ఔనంటే ఔను, కాదంటే కాదు. దేవుడు మనల్ని అడిగీది అంతే," అంది పిన్ని మాతో. "ఆవిడ కోపం రేపటికి తగ్గిపోద్ది. అబద్ధమాడితే రోజూ దానికి కాపలా కాయాల."

ఆ ఏడాది పలాసలో మా అమ్మమ్మ మంచం పట్టింది. అమ్మ ముందే వెళ్ళింది. ముసలామె నన్ను చూడాలని కలవరిస్తోందని ఉత్తరం వచ్చింది. రైల్వే ఇచ్చే ఉచిత ప్రయాణపు పాసులు నాన్నకు ఆ ఏడాదికి అయిపోయాయి. టిక్కెట్టు కొనొచ్చు కదా అంటారేమో. మా కాలనీలో రైల్వే కుటుంబం టిక్కెట్టు కొనడమంటే నామోషీ, కొన్నవాణ్ణి చూసి నవ్వేవారు. అప్పుడే పిన్ని తన తండ్రి జ్ఞాపకార్థ కూడికకని పలాస బయలుదేరుతోంది. పాసులో ఆమె పేరూ, రూతు పేరూ ఉన్నాయి. రూతుకు గవదబిళ్ళలు లేచి నాయనమ్మ దగ్గర ఉండిపోయింది. "పార్వతిని నాను తీసుకెల్తాను అన్నయ్యా. పాసులో రూతు పేరు కాళీగానే ఉంది కదా," అని పిన్నే నాన్నతో అంది. జాలిపడి అన్న మాట. మా దగ్గర అందరూ చేసే పనే.

ప్లాట్‌ఫారం మీద నా జడ బిగిస్తూ, నా మొహం చూడకుండా, "ఎవులైనా అడిగితే రూతునని సెప్పు. ఒక్కపాలికే," అంది. అలాంటి మాట ఆమె నోట అంతకుముందు వినలేదు. రైలు కదిలిన దగ్గర్నుంచీ నేను లోలోపల వల్లిస్తూనే ఉన్నాను. పేరు రూతు. వయసు ఎనిమిది. నాన్న పేరు ఏసుదాసు. నాన్న అనగానే మా నాన్న పేరే నోటికొచ్చేస్తే? పట్టుబడితే బాబాయి ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. పిన్ని ఇచ్చిన పూరీ చేతిలో అలాగే ఉంది. ఆమె కూడా తినలేదు.

బాలాసోర్ దాటాక నల్లకోటు టీటీ వచ్చాడు. బెంగాలీ ఆయన, పెద్దవాడు. పాసు చూసి, నావైపు వంగి, "ఖుకీ, తొమార్ నామ్ కీ?" అని నవ్వుతూ నా పేరడిగాడు. పిన్ని చెయ్యి వెతికి పట్టుకున్నాను. అది నా చేతికన్నా చల్లగా ఉంది.

"రూ..." అన్నాను.

పిన్ని అరచెయ్యి నా నోటిమీద పడింది, కిటికీ ఊచల ఇనుమూ చెమటా కలిసిన వాసనతో. "వద్దు తల్లీ, సెప్పకు," అంది. లేచి నిలబడి, వచ్చీరాని బెంగాలీలో, ఈ పిల్ల తన బిడ్డ కాదనీ, పక్కింటి పార్వతి అనీ, తప్పంతా తనదేననీ చెప్పేసింది. టీటీ మొహంలో నవ్వు పోయింది. ఆయన పెన్ను తీసి చుట్టూ చూశాడు. పెట్టెలో అందరూ వింటున్నారు, ఇక కేసు రాయక తప్పలేదు.

ఆయన వెళ్ళాక నాకు ఏడుపు ఆగలేదు. "నాను సెప్పీసుంటే తప్పించుకునీవోళ్ళం కదా, పిన్నీ?"

"తప్పించుకునీవోళ్ళం," అంది కిటికీలోంచి చూస్తూ. "మరి వచ్చే ఆదివారం నీకేటి సెప్పగలను?"

అమ్మమ్మను చూశాను. తిరిగి వచ్చేసరికి బాబాయికి చార్జిషీటు రాబోతోందని కాలనీ అంతా పాకిపోయింది. రెండు నెలలు విచారణ సాగింది. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ కూయగానే గోడ మీంచి తొంగి చూసేదాన్ని. బాబాయి సైకిలు బయటికి తీస్తే ఆ పూటకు ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆయన పిన్నితో మాట్లాడటం మానేశాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "సత్యవంతురాలొచ్చింది, దారియ్యండే" అని ఎగతాళి చేసేవారు. మా నాన్న వాళ్ళింటి వైపు తలెత్తి చూడలేకపోయాడు. నాకూ ఆమె మీద కోపం వచ్చింది, దాచడమెందుకు? చేస్తే చేశావు, నోరు మూసుకుని ఉండాల్సింది, అని మనసులో తిట్టుకున్నాను.

పలాస నుంచి వచ్చిన మొదటి ఆదివారమే పిన్ని పిల్లలందరి ముందూ నిలబడింది. "ఈ పిల్ల సేత అబద్ధం ఆడించబోయినాను. పాసు సంగతి రైల్వేవోళ్ళు సూసుకుంటారు. ఇది మాత్రం మీ ముందర ఒప్పుకోవాల. పార్వతీ, నన్ను సెమించమ్మా," అంది. పెద్దవాళ్ళు పిల్లల్ని క్షమాపణ అడగడం నేనెన్నడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక తల ఊపాను.

బాబాయి ఉద్యోగం నిలిచింది. పాసులు మాత్రం రెండేళ్ళు ఆపేశారు, రావలసిన ప్రమోషను ఇంకొకరికి పోయింది. ఆయన మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. పిన్ని ఆ సంగతి ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు, నేను పెద్దయ్యాక అడిగినా మాట మార్చేసేది.

తర్వాత నేనూ టీచరునయ్యాను, తల్లినయ్యాను. పిన్ని అంతటి మనిషిని కాలేకపోయాను. పై అధికారులకు భయపడి, అత్తవారికి భయపడి, ఒక్కోసారి ఉత్త బద్ధకం కొద్దీ ఎన్నో అబద్ధాలాడాను. ఇప్పటికీ ఆడతాను. అవన్నీ నా నోటితోనే ఆడాను, ఏ బిడ్డ నోటా ఒక్కటీ పలికించలేదు.