పిల్లవాడి రక్తం, పెద్దవాళ్ళ లెక్క

కేసముద్రం స్టేషన్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను సీసాలు కడిగేవాణ్ణి, రిపోర్టులు అందించేవాణ్ణి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో మేమిద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. కానీ కాగితం మీద ఉన్నది చదవగలను. అదే కొంప ముంచింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు. రైళ్ళు ఆపడానికి పట్టాల మీద కూర్చోవడానికి పోతూ ల్యాబు సారు నాకొకటే చెప్పాడు: "రిపోర్టులియ్యిరా, సలహాలియ్యకు."

తండా నుంచి ఒకామె రెండేళ్ళ కొడుకును చంకనేసుకుని వచ్చింది. పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గింది. ఎందుకైనా మంచిదని డాక్టరు పరీక్ష రాశాడు. వాడు నా చేతిలోని పెన్ను గుంజుకుంటున్నాడు. అంత హుషారు. నేను ఊరుకోవచ్చు కదా!

"అక్కా, గీ లింఫోసైట్లంటే రోగాలతోని కొట్లాడే తెల్లకణాలల్ల ఒక రకం. నూటికి ఇరవై నుంచి నలభై ఉండాలె. నీ కొడుక్కు అరవై! గింత పోరడు గంత ఫౌజు పెట్టుకొని ఎవలి మీదికి పోతుండు?"

ఆమె నవ్వలేదు. "గట్లంటే ఏంది తమ్మీ? బతుకుతడా?"

"నాకు తెల్వదక్కా" అంటే అక్కడితో అయిపోయేది. ఆ రెండు మాటలు అనడానికి నోరు రాలేదు. ఖాళీగా ఉన్న సారు కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, "ఎక్కువుంటే మంచిది గాదు. పెద్ద దవాఖానల చూపియ్యి, జల్ది" అన్నాను.

మర్నాడు ఈ సంగతి సారుకు గొప్పగా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"దొంగ సచ్చినోడా! చిన్నపిల్లలకు గవి ఎక్కువనే ఉంటయిరా. లోకంల ప్రతి రోగం వాళ్ళకు కొత్తదే గదా. నాలుగైదేండ్లు దాటినంక మెల్లగ తగ్గుకుంట వస్తయి. కాయితం మీద అచ్చయింది పెద్దోళ్ళ లెక్క. పోరణ్ణి నీ కొలతతోని కొలుస్తవా?"

సైకిలెక్కి తండాకు పోయాను. ఇంటికి తాళం. పక్కింటి అవ్వ చెప్పింది: "మానుకోట పెద్ద దవాఖానకు పోయింది బిడ్డా. బస్సుల్లేవు గదా, పోరణ్ణి ఎత్తుకొని పట్టాలెంబడి నడుసుకుంట పోయింది."

మూడో రోజు ఆమే ల్యాబుకు వచ్చింది. కాలి వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. పిల్లవాడు మళ్ళీ నా పెన్ను కోసమే చేయి చాపాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏం లేదట తమ్మీ. మంచిగున్నడట. గీ వయసుకు గంతే ఉంటయట." రిపోర్టు బల్ల మీద పరిచింది. "గిది పెద్దోళ్ళ లెక్కని ఈడ రాయి. రేపు మల్ల ఎవలన్న సూసి బెదిరిస్తే? నువ్వు సదువుకున్నోనివి గదా, అందుకే నీ మాటిన్న."

రాశాను. ఏడో తరగతితోనే ఆగిపోయినవాణ్ణని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

"పైలంగ దాసుకో అక్కా" అన్నాను, రిపోర్టులిచ్చేటప్పుడు అందరితో సారు అన్నట్టే.