నాన్న వయసుకు ఒకటి

ఊరొదిలి బెంగాల్ వెళ్లి, ఖిదిర్‌పూర్ రేవులో బస్తాలు మోసిన గవరయ్య, లెక్కపెట్టేటప్పుడు ఏనాడూ ఒకటి అనలేదు. లాభం, రెండు, మూడు అనేవాడు. "ఊరొగ్గీసినా లెక్క ఒగ్గకూడదమ్మా" అని కూతురు రమాకుమారికీ అదే నేర్పాడు. నిరుడు జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే పోయాడు.

రమాకుమారి సందు చివరి కంప్యూటర్ సెంటర్లో చేరింది. అక్కడ జాబితాలో మొదటి చోటును సున్నాగా లెక్కపెట్టాలంటే తక్కినవాళ్లు తికమకపడ్డారు గాని, ఆమెకు వింతనిపించలేదు. మొదటిదాన్ని ఒకటి అనకపోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటే.

ఒకరోజు పాఠం చెప్పే అభిజిత్, ఇంట్లోవాళ్ల వయసులు జాబితాగా రాసి, ఏడాది గడిచిందనుకుని మార్చమన్నాడు. ఆమె లాభం చోట, అంటే సున్నాలో, నాన్న వయసు పెట్టింది, తర్వాత అమ్మది, ఆ తర్వాత తనది. వరసగా ఒక్కో వయసుకూ ఏడాది కలిపే లూప్‌ను మాత్రం కావాలనే ఒకటి నుంచి తిప్పింది. అమ్మకూ తనకూ ఒక్కో ఏడు పెరిగింది. నాన్న యాభై ఒకటి దగ్గరే ఉండిపోయాడు.

అభిజిత్ వెనకనుంచి వంగి చూసి నవ్వాడు. "మొదటిదాన్ని వదిలేశావు. కొత్తవాళ్లంతా చేసే తప్పే ఇది" అని బెంగాలీలో అంటూ, తనే ఒకటి చెరిపి సున్నా కొట్టాడు.

తప్పేటి దాదా, అందామనుకుంది. ఈలోగా తెర మీద నాన్నకు యాభై రెండు వచ్చేశాయి.

అభిజిత్ పక్క కుర్చీ దగ్గరికి వెళ్లాక, మళ్లీ ఒకటి కొడదామని ఆమె చెయ్యి చాచింది. కొట్టలేకపోయింది. ఇచ్చిన ఏడాదిని ఆయన దగ్గర్నుంచి మళ్లీ లాక్కోవడానికి ఆమెకు చేతులు రాలేదు.