గుంటమగ్గం భుజంగరావు

పెడనలో ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు భుజంగరావును ముందు చెవులతోనే తెలుసుకుంటారు. తెల్లారకముందే మొదలయ్యే మగ్గం చప్పుడు ఆయనది. దీపాలు పెట్టే వేళదాకా అది ఆగదు. మనిషి మాత్రం వీధిలో కనబడడు.

గుంటమగ్గం మీద నేసేవాడు నేలమీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించుకుంటాడు. నడుము కిందిది ఎవరికీ కనిపించదు. భుజంగరావుకు అంతకంటే అనువైన చోటు ఈ భూమ్మీద దొరకలేదు. గుమ్మంలో నిలబడి పలకరించేవాళ్ళు ఆయన విశాలమైన భుజాలు, నెరిసిన మీసం, నూలు మోసే నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగే చెయ్యి చూస్తారు. చింతబెరడులా బరకబారి, మోకాలి దగ్గర్నుంచి మడమదాకా ఒకే లావున ఉబ్బిన ఎడమకాలు గుంటలో చీకట్లో ఉంటుంది.

ఇరవై రెండో ఏట మొదలైంది ఆ బాధ. గజ్జల్లో బిళ్ళ కట్టి, పళ్ళు టకటక కొట్టుకునేంత చలిజ్వరం వచ్చింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కాలిలో కాస్త వాపు మిగిల్చి పోయింది. ఎదురింటి తాతారావు చెల్లెలు గాయత్రిని ఆయనకిచ్చి చెయ్యాలని రెండిళ్ళవాళ్ళూ అనుకుంటున్న రోజులవి. తాతారావు అప్పటికే నోరారా "బావా" అని పిలిచేవాడు. బోదకాలని తేలాక ఆ పెళ్ళిమాట ఎవరూ ఎత్తలేదు. కోపాలు లేవు, గొడవలు లేవు. గాయత్రిని గుడివాడ సంబంధానికిచ్చారు. తాతారావు ముందు "బావా" అనడం మానేశాడు. తర్వాత పలకరించడమే మానేశాడు. ఇద్దరి గుమ్మాలకీ మధ్య ఓ ఆటో పట్టేంత సందు. ముప్పై ఏళ్ళుగా ఆ సందు దాటి ఒక్క మాట రాలేదు.

తల్లి పోయాక ఇంట్లో రెండో మనిషి లేడు. టీకొట్టులో అందరికీ గాజుగ్లాసుల్లో పోసి, ఆయనకు మాత్రం కాగితం కప్పులో పోసేవారు. ఎందుకని ఆయన అడగలేదు. కొన్నాళ్ళకు వెళ్ళడం మానుకున్నాడు.

ఆ ఏడు ఆగస్టులో ముసురు పట్టి ఉండగా బోదకాలు మాత్రలు పంచే రోజులొచ్చాయి. ప్రతి ఏడూ వచ్చేవే. జనం తీసుకుని గూట్లో పడేసేవారు. ఈసారి మాత్రం ఎదురుగా నిలబడి మింగించాలని ఆశా కార్యకర్త అంకమ్మకు పైనుంచి గట్టిగా చెప్పారు. ఆమె పొద్దున్నే సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరిగింది. కలంకారీ అద్దకం షెడ్లకు పరుగెత్తే హడావుడిలో ఉన్నారందరూ.

"పోయినేడు పరగడుపున మింగి మా కోడలు కళ్ళు తిరిగి పడిపోయింది. మాకొద్దు తల్లీ," అంది ఒకావిడ.

"మాకేం జబ్బు? జబ్బున్నోళ్ళకివ్వు," అన్నాడు తాతారావు తన గుమ్మంలోంచి.

అంకమ్మకు ఏడుపొక్కటే తక్కువ. "రేపు ఆ భుజంగరావుగారి కాల్లా అయితే తెలుస్తుంది మీకు!" అనేసింది.

మగ్గం చప్పుడు ఆగింది. అంకమ్మ తల తిప్పి చూసింది. కిటికీలోంచి ఆయన ఆమెకేసే చూస్తున్నాడు. ఆమె నాలుక్కరుచుకుని, తడబడుతూ దగ్గరికెళ్ళింది.

"బాబాయ్ గారూ, ఒక్కసారి బయటికొచ్చి కాలు చూపిస్తే వీళ్ళు మింగుతారేమోనండీ..."

"పనిలో ఉన్నానమ్మా," అన్నాడాయన, పడుగు దారాల మీదికి వంగుతూ.

మర్నాడు మగ్గం మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. వీధిలో అందరికీ ఏదో వెలితిగా అనిపించింది గానీ ఎవరికి వారు ముసురువల్లనుకున్నారు. మందుల సంచీతో మళ్ళీ వచ్చిన అంకమ్మకు ఆ నిశ్శబ్దం తప్పుగా తోచి తలుపు తోసింది. భుజంగరావు చాపమీద ఒళ్ళు కాలిపోతూ పడి ఉన్నాడు. కాలు ఎర్రగా కమిలి, వేళ్ళ సందుల్లో పుళ్ళు పడి ఉన్నాయి. పక్కన కుండలో నీళ్ళు అయిపోయాయి.

"ఎవర్నన్నా కేకేయొచ్చు కదండీ!"

"ఎవర్నమ్మా?" అన్నాడాయన. నిజంగానే అడిగాడు.

ఆటో ఎక్కించి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చూసి ఇంజెక్షన్లు రాశాడు. జ్వరం దిగాక, బోదకాళ్ళ గదిలో పనిచేసే నర్సు ప్రేమమ్మ ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పట్టుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"కాలు ఇందులో పెట్టండి అన్నయ్యా."

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా, నేను కడుక్కుంటాను."

"మొదటిసారి నేను కడుగుతాను. మీరు చూడండి, తర్వాత మీరే చేసుకుందురుగాని."

సబ్బు నురగ చేసి, ముడతలన్నీ విప్పుతూ, వేళ్ళ సందులన్నీ మెత్తగా తోమింది. ఆ కాలికి ఇంకొకరి చెయ్యి తగిలి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు. గోడమీదున్న కేలెండరుకేసి చూస్తూ కూర్చున్నాడు. చూపు అక్షరాల మీద నిలవలేదు. ప్రేమమ్మ అది చూసీ చూడనట్టు పని గురించి అడిగింది. గుంటలో కాళ్ళు పెట్టి నేస్తాడని విని చెయ్యి ఆపింది.

"గుంట చెమ్మగా ఉంటుందా?"

"ఈ నేలల్లో నీళ్ళూరని గుంట ఎక్కడుందమ్మా! వానాకాలం చెప్పక్కర్లేదు."

"అదే అన్నయ్యా. చెమ్మకి వేళ్ళ సందులు పగులుతున్నాయి, పగుళ్ళలోంచి క్రిములు చేరి జ్వరం వస్తోంది. కాలు మునుపట్లా అవుతుందని అబద్ధం చెప్పను. శుభ్రంగా కడిగి, పొడిగా తుడిచి, మందు రాసుకుంటే ఈ జ్వరాలు మాత్రం తగ్గుతాయి."

ఇన్నేళ్ళలో ఎన్నో చోట్ల మాత్రలిచ్చారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, మందుగొట్టం ఒక సంచీలో పెట్టి ఇచ్చింది.

అంకమ్మ కూడా ఆమెను పట్టుకుని తన గోడు చెప్పుకుంది. రక్తంలో పురుగులున్నవాళ్ళకు మందు పడి అవి చస్తుంటే కళ్ళు తిరగడం, వాంతి రావడం మామూలేననీ, ఆ మాట ముందే చెప్పి, కడుపునిండా తిన్నాక ఇవ్వాలనీ ప్రేమమ్మ చెప్పింది. అంకమ్మ సూపర్‌వైజరుకు ఫోను చేసింది. ఆదివారం భోజనాలయ్యాక పంచడానికీ, ఆ పూట ఒక డాక్టరు వీధిలోనే కూర్చోడానికీ ఒప్పించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంకమ్మ తల వంచుకుని అంది: "ఆ రోజు నోరు జారాను బాబాయ్ గారూ. క్షమించండి."

"కాలు సంగతి ఉన్నమాటేగా అమ్మా. నన్నడక్కుండా చెప్పావు, అదొక్కటే కష్టం అనిపించింది."

"ఇప్పుడడిగితే?"

ఆటో పెడన గేటు దగ్గర రైలు కోసం ఆగింది. రైలు వెళ్ళాక ఆయన, "ఆదివారం అన్నావు కదూ," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భుజంగరావు తన అరుగుమీద కుర్చీ వేసుకుని, లుంగీ మోకాలిదాకా మడిచి, తొట్టిలో కాలు పెట్టాడు. పట్టపగలు, నడివీధిలో. పిల్లలు ముందొచ్చారు. పెద్దవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. సబ్బు రెండుసార్లు జారింది. కడగడం పూర్తి చేసి, తుడుచుకుని, అప్పుడు తలెత్తాడు.

"దగ్గరికి రండి, ఇది అంటుకోదు. నా గ్లాసులో తాగితే రాదు, నా పక్కన కూర్చుంటే రాదు. దోమ కుడితే వస్తుంది. ఆ దోమ నా దగ్గర్నుంచే రానక్కర్లేదు. పైకి ఏమీ లేనివాళ్ళ ఒంట్లోనూ పురుగుంటుంది. మనలో ఎవరికుందో మనకే తెలీదు. నాకూ ఇరవై రెండేళ్ళదాకా తెలీదు."

అంతే చెప్పాడు. అంకమ్మ ఇచ్చిన మాత్రలు అందరూ చూస్తుండగా మింగాడు.

తర్వాత తాతారావు సందు దాటి వచ్చాడు. వెనకే కొడుకునీ కోడలినీ రమ్మన్నాడు. మాత్రలు మింగి, నీళ్ళు తాగి, గ్లాసు అంకమ్మకిచ్చాడు. భుజంగరావు కాలికేసి ఒక్కసారి చూశాడు. వెనుదిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఆ వీధిలో మింగనివాళ్ళు ఏ నలుగురో మిగిలారు. ఒకరిద్దరికి వాంతులైతే డాక్టరు పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాడు. జనం చెదిరిపోయాక భుజంగరావు తొట్టి ఖాళీ చేసి, కుర్చీ లోపల పెట్టుకుని, మధ్యాహ్నం మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకు తిన్నాడు. ఆయన ఇంటికి ఆ రాత్రి ఎవరూ రాలేదు. వస్తారని తను ఎదురుచూశానని పడుకోబోయేటప్పుడు గానీ ఆయనకు తెలియలేదు.

గుంటలో చెక్క పరిచి, దానిమీద గోనెపట్టా వేసుకున్నాడు. జ్వరాలు బాగా తగ్గాయి. కాలు తగ్గలేదు. వీధిలో జనం ఇప్పుడు తల ఊపి పలకరిస్తారు, ఆగి మాట్లాడేవాళ్ళు తక్కువ. ప్రేమమ్మ అడిగిందని నెలకోసారి బస్సెక్కి బందరు వెళ్ళి, కొత్తగా వచ్చినవాళ్ళకు కాలు కడుక్కోవడం చూపిస్తాడు. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుంటాడు.

మొన్న అవనిగడ్డ నుంచి ఒకావిడ వచ్చింది. చీర కుచ్చిళ్ళు పాదాలమీదికి లాక్కుంటూ గోడవారన కూర్చుంది. తోడు ఎవరూ లేరు. భుజంగరావు ముందుగా తన కాలే తొట్టిలో పెట్టి కడగడం మొదలుపెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"ఇంటి దగ్గర ఇదంతా మీకు ఎవరు చేస్తారండీ?"

"ఎవరూ లేరండీ," అన్నాడాయన. "చేతికి అందుతుందిగా, నేనే చేసుకుంటాను. ఇదిగో, సందుల్లో తుడిచేటప్పుడు గట్టిగా రుద్దకండి. ఇలా, గుడ్డ అద్దండి చాలు."

ఆవిడ కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసింది.