కృష్ణలో పోసిన ఒడిబియ్యం

ఒడిబియ్యం అంటే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది.

నైజాం రోజుల్లో, గద్వాల స్టేషన్లో ఆగిన బండిలో, ఆడవాళ్లకు కేటాయించిన జనానా డబ్బాలో ఒకామె నా ఎదురుగా కూర్చుంది. అన్న కూతురి పెళ్లి చూసుకుని అత్తగారింటికి పోతోంది. కాళ్లకు పసుపు ఇంకా పోలేదు. అన్నలు ఒడిలో పోసిన పసుపు బియ్యాన్ని కొంగున మూట కట్టుకుంది.

ఆమె చెల్లెలిని ఇచ్చిన గట్టు అనే ఊరి ముసలాయన ఒకడు ఆమెను గుర్తుపట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"చెల్లెను ఆఖరుసారి సూడనీకె సుత రాకపోతివి గదమ్మా."

"మా చెల్లెకు ఏమైంది?"

"కాన్పుల పాయె. పెండ్లికి ముందే మీ అన్నలకు కబురు చేస్తిమి."

బండి కదిలింది. ఆమె ఏడవలేదు.

"మైలొస్తే పెండ్లి ఆగుతదని దాసిండ్రు," అంది మా అందరికీ వినబడేలా. "అక్కడ చెల్లె కాష్ఠం కాలవట్టె. ఇక్కడ నాతోని పెండ్లి పాటలు పాడిచ్చిండ్రు."

కృష్ణ వంతెన మీదికి రాగానే మూట విప్పింది. పక్కనున్న పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా, పుట్టింటికి అరిష్టం."

"కానియ్యి."

బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు అన్నీ కిటికీలోంచి ఏట్లో పోసి కొంగు దులిపేసుకుంది.

ఆ తర్వాత మా అన్నలు నాకు ఒడిబియ్యం పోయవచ్చిన ప్రతిసారీ, వేరే ఊరికిచ్చిన మా అక్క ఎలా ఉందని ముందు అడిగేదాన్ని. శుభమా అని పోస్తుంటే ఇవేం మాటలని కసురుకునేవారు. జవాబు చెప్పేదాకా నేను కొంగు పట్టేదాన్ని కాదు.