స్టోయిక్ కోడలు, ఉప్పు పొట్లం

మొన్న రేపల్లె దారిలో కాలవ గట్టున నేను పెట్టిన కేక సంగతి మీ దాకా వచ్చే ఉంటుంది. నవ్వండి, పర్లేదు. కాకపోతే ముందు నేను చెప్పేది వినండి.

రెండు నెలలుగా స్టోయిక్ అనే పాత గ్రీకు వేదాంతుల పద్ధతి పాటిస్తున్నా. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పొద్దున్నే కూర్చుని ఆ రోజు ఏమేం చెడిపోవచ్చో ముందే ఊహించుకోవాలి. నిజంగా చెడినప్పుడు మనసు కదలదు. అత్తయ్య ముందు పైకి అనడమే తప్పయింది.

ఆ రోజు రేపల్లెలో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. పెళ్ళికొడుకు ఉంగరం తెనాలిలో చేయించారు. తెచ్చే పూచీ నాది. పదిన్నరకి ముహూర్తం. కారెక్కుతూ, "టైరు పంక్చరవ్వచ్చు, ఉంగరం దొంగలు కొట్టెయ్యచ్చు, అన్నిటికీ రెడీగా ఉండాలి" అన్నా.

"శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటమ్మాయ్?" అన్నారు అత్తయ్య, చెవులు మూసుకుని.

నేను తగ్గలేదు. జాగ్రత్త కూడా పడ్డా. అత్తయ్య సంచీలో ఎప్పుడూ ఉండే కళ్ళుప్పు పొట్లం విప్పి, ఉంగరం అందులో దాచేశా. ఉప్పు ఎవడు ఎత్తుకెళ్తాడు? ఎవరికీ చెప్పలేదు, అదీ జాగ్రత్తే.

వేమూరు దాటాక టైరు పంక్చర్. మా ఆయన స్టెప్నీ మారుస్తూ నా వంక అదోలా చూశారు. నేను మాత్రం కాలవ గట్టున ప్రశాంతంగా నిలబడ్డా, మనసు కదల్లేదని లోపల తెగ మురిసిపోతూ. ఈలోపు అత్తయ్య వచ్చి, "ముందు నీ నోటికి దిష్టి తియ్యాలి" అంటూ ఉప్పు పొట్లం నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి కాలవలోకి విసిరేశారు.

కేక పెట్టింది అప్పుడే. పొలంలో నాట్లేసేవాళ్ళు కూడా లేచి చూశారు.

అదృష్టం, పొట్లం నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క మీద పడి ఆగింది. మా ఆయన కొత్త పట్టుపంచెతో నడుం లోతు దిగి తెచ్చారు. ముహూర్తానికి చేరుకున్నాం, బురదతో సహా.

తిరిగొస్తుంటే అత్తయ్య అడిగారు, "ఇప్పటికైనా మానేస్తావా?"

"మానను అత్తయ్యా. పంక్చర్ ఊహించా, అయింది. తప్పు పద్ధతిది కాదు."

నిజంగానే మానలేదు. ఇవాళ పొద్దున కూడా కూర్చున్నా, ఇంట్లో అందరూ నవ్వుతున్నా సరే. కాకపోతే ఊహించుకునే ఆపదల్లో దొంగలూ పంక్చర్లూ తర్వాత. అన్నిటికన్నా ముందు నా తెలివితేటలు.