ఎర్ర పోగు ఉన్న సగం

శివరాత్రి వెళ్లిన వారానికి, ఎండ ముదరకముందే దుప్పట్లు, బొంతలు ఉతుక్కోవాలని మా ఇంటామె సజ్జ మీది మూటలన్నీ దించింది. అన్నిటికన్నా అడుగున, పాత చీరలో చుట్టి నేను దాచిన జంపఖానా ఉంది. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ విప్పలేదు. నేను పని నుంచి వచ్చేసరికి అది ఉతికి, దండెం మీద ఆరేసి ఉంది. సాయంత్రపు ఎండ దాని వెనక నుంచి పడుతోంది. ఒక సగం గోడలా నిలబడి ఉంది. రెండో సగంలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఇవతలికి వస్తోంది.

“ఇదేందయ్యా, సగం జంపఖానా, సగం జల్లెడ?” అంది ఆమె.

ఆమె కూడా నేత ఇంట్లో పుట్టిందే. ఇంటి దగ్గర కూర్చుని మా కార్ఖానాకు నూలు కండెలు చుట్టి ఇస్తుంది. దగ్గరికి పోయి అంచు పట్టుకుని చూసింది. గట్టిగా ఉన్న సగం అంచున, నేత మొదలైన చోట, ఒక ఎర్ర పోగు ఉంది.

“గట్టిగున్నది మీ అన్న దిక్కు,” అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

మా నేతవాళ్ల పేట కొత్తవాడలో వెడల్పు జంపఖానా నేసేటప్పుడు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఒకరిది. అడ్డంగా వేసిన పోగును పంజాతో కొట్టి దించాలి. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన. ఇద్దరి దెబ్బా ఒక్కలా పడితేనే నేత చక్కగా వస్తుంది. ఒకరు మెత్తగా కొడితే ఆ సగం తొందరగా పైకి పోతుంది. చారలు ఏటవాలుగా తిరుగుతాయి. మగ్గం మీది నుంచి దించాక చూస్తే ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. దాన్ని ఎవరూ కొనరు.

నేను ఎడమ దిక్కు. కుడి దిక్కు కూర్చున్నది నాకు పంజా పట్టడం నేర్పిన మనిషి. తోడబుట్టినవాడు కాదు. కానీ పద్దెనిమిదేళ్లు భుజం భుజం తగిలేలా కూర్చున్నాం, అన్న అనే మాట ఉత్త పిలుపు కాదు. ఏ జంపఖానా మొదలుపెట్టినా తన అంచున ఒక ఎర్ర పోగు వేసేవాడు. ఎందుకని అడిగితే నవ్వేవాడు.

“రేపు ఎవలింట్లనో పెండ్లికి పరుస్తరు. మనం గూడ పోయి బంతిల కూసుంటం. నాదేదో నేను గుర్తుపట్టొద్దా?”

నాలుగేళ్ల కింద, ఎండాకాలం. ఫంక్షన్ హాలు కోసం పెద్ద జంపఖానా నేస్తున్నాం. క్రికెట్ మ్యాచ్‌ల రోజులు. ఫోన్‌ను మగ్గం గుంజకు రబ్బరు బ్యాండు వేసి కట్టుకున్నాను. కళ్లు ఫోన్ మీద, చెయ్యి పంజా మీద. అన్న రెండుసార్లు చెప్పాడు: “బంద్ చెయ్ తమ్మీ. కన్ను యాడ ఉంటే చెయ్యి ఆడికే పోతది.” నేను సౌండు తగ్గించాను, అంతే.

దించి నేల మీద పరిచినప్పుడు నా అంచు జానెడు పొడుగుంది. అన్న చాలాసేపు చూసి, కార్ఖానా నడిపే సావుకారికి చెప్పొస్తానని వెళ్లాడు. నేను నా సగం మీద చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకే తెలిసింది, నేత వదులు. కార్ఖానాలో పడుగుకు పెట్టే గంజి ఉంది. దాన్ని తీసి, నా సగమంతా రుద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాను. ఎండేసరికి అది అట్టలా బిగిసింది. ఎవరైనా పట్టుకుని చూస్తే అన్న సగం కన్నా నాదే గట్టి నేత అనుకుంటారు.

“ఎవని పని ఇది?” అన్నాడు సావుకారి వచ్చి.

నేనే ముందు నోరు తెరిచాను. “కంటి ఆపరేషన్ అయినకాడికెల్లి అన్న చేతికి అంచనా దొరుకుతలేదు. దెబ్బ బలంగ పడుతాంది. అందుకే ఆ సగం కుంచుకపోయింది.”

అన్న నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. తన అరచేతులు చూసుకున్నాడు. ఒకటి తర్వాత ఒకటి, బోర్లించి, వెల్లకిలా తిప్పి.

సావుకారి ఆయన్ని తీసేయలేదు. ఒక్కరే నేసే సన్నపు పట్టీలు నేయమన్నాడు. అన్నే మానుకున్నాడు. మర్నాడు పొద్దున వచ్చి, తన పంజాను తువ్వాలలో చుట్టి నా చేతిలో పెట్టాడు. “నీదానికన్న ఇది మంచిగ ఉంటది. నాకేం పని దీనితోని?” అన్నాడు. చెడిపోయిన జంపఖానాను సావుకారి కాలితో నెట్టి, మీరే పండుకోండి దీని మీద అంటే, నేనే ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకొకరి చేతికి పోతే ఎప్పుడో ఒకనాడు ఉతుకుతారు, గంజి పోతుంది కదా.

అన్న వాగు ఒడ్డున ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. అప్పుడప్పుడు బజారులో కలిసేవాడు. కలిసిన ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పేవాడు. “జర పైలం తమ్మీ. చెయ్యి పోయేది మనకు తెల్వదు. పక్కనున్నోనికే తెలుస్తది.” నేను తల ఊపేవాణ్ని. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఎట్లాగూ పెద్దవాడవుతున్నాడు, మగ్గం గుంతలో కూర్చోవడం కన్నా కుర్చీలో కూర్చోవడం సుఖమే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

దండెం మీది జంపఖానా చూసిన మర్నాడు, తెల్లవారి చాయ్ తాగి, దాన్ని నాలుగు మడతలు వేసి భుజాన వేసుకున్నాను. పంజాను సంచిలో పెట్టాను. ఆటోలో పోతే పావుగంట దారి. నడుస్తానన్నాను. “నడువు,” అంది మా ఇంటామె. తప్పుకు శిక్షగా నడిచానని రాస్తే బాగుంటుంది. నిజానికి ఆలస్యం చేయడానికే నడిచాను.

కొత్తవాడ గల్లీలు దాటి, బజారు దాటి, స్టేషను దగ్గరి అండర్ బ్రిడ్జి కింద నుంచి పోయి బొందివాగు ఒడ్డు పట్టుకున్నాను. మా ఊరికి నది లేదు. ఉన్నది ఈ వాగే. వానలు గట్టిగా పడ్డ ఏడు ఇళ్లల్లోకి వచ్చి మంచాల ఎత్తున నిలబడుతుంది. మిగతా రోజుల్లో నల్లగా, సన్నగా, గుర్రపుడెక్క కింద ఎటు పోతుందో తెలియకుండా పోతుంది. ఆ పొద్దున మాత్రం గాలిలో ఇంకా చల్లదనం ఉంది. వేపచెట్లు ఆకు రాల్చి, కొసలకు ఎర్రటి చిగురు పెట్టాయి. ఒకరి పెరట్లో మామిడి పూత వాసన వాగు వాసనను కాసేపు ఓడించింది. రెండు కొంగలు ప్లాస్టిక్ కవర్ల మధ్య అడుగులో అడుగు వేస్తూ చేపల కోసం చూస్తున్నాయి.

ఒక టిఫిన్ బండి ఆమె పిలిచింది. “ఓ జంపఖానా! ఎట్లిస్తవ్?”

“అమ్మేది కాదక్కా.”

“మరి మోసుడెందుకు? భుజానికి అందమా?”

బండి దగ్గర ఇడ్లీ తింటున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అన్నకు ఇవ్వడానికి పోతున్నానని చెప్పబోయి ఆగాను. ఇవ్వడం అనే మాట ఎంత మర్యాదగా ఉంది!

కొంచెం దూరం పోయాక మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాను. అన్నా, ఆనాడు నాక్కూడా సరిగ్గా తెలియదు. అబద్ధం. గంజి రుద్దిన చేతికి తెలియకపోవడమేంటి? అన్నా, సావుకారికి భయపడి అట్లా అన్నాను. అదీ సగమే నిజం. సావుకారి నన్ను మాత్రం ఏం చేసేవాడు? నాలుగు తిట్లు తిట్టేవాడు. ఆ నాలుగు తిట్లు పడలేక, ఒక మనిషి చేతుల మీద ఆయనకే అనుమానం పెట్టాను. అసలు సంగతి ఇంతే. వాగు రెండు వంపులు తిరిగినా దీనికి ఇంకో పేరు దొరకలేదు.

కట్టకు కొత్తగా గోడ కడుతున్న చోట ఆగాను. అక్కడ నీళ్లు కాస్త లోతు. జంపఖానా బరువుకు భుజం తిమ్మిరెక్కింది. దించి గోడ మీద పెట్టాను. ఒక్క తోపు తోస్తే చాలు. గుర్రపుడెక్క విడిచి మళ్లీ మూసుకుంటుంది. అన్న తన కుర్చీలో ఉంటాడు, నేను నా మగ్గం మీద ఉంటాను. చెయ్యి దాని మీద పెట్టిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది.

“ఓ అన్నా! ఏస్తున్నవా ఏంది వాగుల?”

కింద, బురదలో మోకాళ్లదాకా దిగి, చెత్త తీసే మున్సిపాలిటీ ఆమె. చేతిలో పొడుగాటి ఇనుప కొక్కెం.

“లేదమ్మా, ఊకెనే పెట్టిన.”

“పెట్టినవ్! అందరు పెట్టేటోళ్లే. పరుపులు పెడుతరు, దేవుని పటాలు పెడుతరు. తీసేది నేనే గద మల్ల? ఎత్తుకో, ఎత్తుకో. ఎవలిదైతే ఆళ్లకే ఇయ్యిపో.”

ఆమెకు ఏమీ తెలియదు. తన పని తాను తగ్గించుకుంటోంది. అయినా నేను దొంగలా జంపఖానా ఎత్తుకుని తొందరగా నడిచాను.

అన్న గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా, మెడలో విజిల్. నన్ను చూసి లేచాడు.

“ఏంది తమ్మీ, ఊర్ల తిరిగి అమ్ముడు షురూ చేసినవా? కార్ఖాన మునిగిందా?”

“లేదన్నా.”

“మరి? వదినా, చాయ్ పెట్టు! తమ్ముడొచ్చిండు,” అని మెట్ల కింది గదిలోకి చూసి కేకేశాడు. భార్యను నా కోసం వదినా అని పిలవడం ఆయనకు అలవాటు.

నిలబడే చెప్పాను. ఫోన్, గంజి, సావుకారి ముందు నేనన్న మాట. నడుస్తూ పేర్చుకున్నవేవీ రాలేదు. అడ్డదిడ్డంగా చెప్పాను. ఆయన విన్నాడు. మధ్యలో ఒక కారు వస్తే పోయి గేటు తీసి, మూసి, వచ్చి మళ్లీ విన్నాడు. అంతా అయ్యాక నా భుజం తట్టాడు.

“నా మనసు మంచిగ చేద్దామని చెప్తున్నవ్. నాకు తెల్వదా? ఆనాడు నా సగం కుంచుకపోలే? నా కండ్లతోని చూసిన.”

“కుంచుకపోలేదన్నా. నాది సాగింది.”

“ఊకో తమ్మీ. అయిపోయిన ముచ్చట. నీది పెద్ద మనసు.”

నాలుగేళ్లలో నాకు తగిలిన దెబ్బల్లో ఆ మాటంత గట్టిది లేదు. ఇంకేం చెప్పాలో తెలియక, జంపఖానా మడతలు విప్పి గేటు మీద వేశాను. పొద్దు అపార్టుమెంటు మీదుగా వచ్చి దాని వెనక పడింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. ముందు నా సగం ముందు నిలబడ్డాడు. ఆయన చొక్కా నిండా సన్నటి ఎండ చుక్కలు పడ్డాయి. ఒక అడుగు పక్కకు జరిగాడు. చుక్కలు పోయాయి. నీడ. మళ్లీ అటు జరిగాడు, మళ్లీ ఇటు వచ్చాడు. వంగి అంచు వెతికి, ఎర్ర పోగును బొటనవేలితో రుద్దాడు. తర్వాత తన సగం మీద అరచెయ్యి ఆనించి, కింది నుంచి పైదాకా, పశువును నిమిరినట్టు నిమిరాడు. నేత ఎక్కడా వదలలేదు. ఒక్క వరస తప్పలేదు.

వదిన రెండు గ్లాసులతో వచ్చి, మా మొహాలు చూసి, వాటిని మెట్టు మీద పెట్టి అక్కడే ఆగిపోయింది.

అరచెయ్యి దాని మీది నుంచి తీయకుండానే ఆయన అడిగాడు.

“ఆనాడు మ్యాచ్ ఎవలు గెల్చిన్రు?”

నేను నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. “యాదికి లేదన్నా.”

తల ఊపాడు. నన్ను తిట్టలేదు. ఒక్క తిట్టు తిడితే దాన్ని పట్టుకుని ఇంటికి పోయేవాణ్ని. సంచిలోంచి పంజా తీసి ఇచ్చాను. తీసుకుని, పళ్ల మీద వేలు పోనిచ్చి చూశాడు.

“ఒక పన్ను వంగింది,” అన్నాడు.

“నా చేతిలనే వంగింది.”

“ఊఁ.”

మళ్లీ మగ్గం మీద కూర్చొమ్మని అడగాలని పోయాను నేను. కుడి దిక్కు గుంత పోయినేడే పూడ్చి సిమెంటు చేశారని, అక్కడిప్పుడు నూలు మూటలు పెడుతున్నారని తెలిసీ, అడగాలనుకున్నాను. సావుకారి కాళ్లు పట్టుకుంటాననీ చెప్పాలనుకున్నాను. ఆయన నా వైపు తిరగలేదు. “ఇటు రాయే,” అని వదినను పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని తన సగం మీద పెట్టాడు. “పట్టుకొని చూడు. ఇది నాది. ఆపరేషన్ అయినంక నేసిన.”

వదిన పట్టుకుని చూసింది. గ్లాసులు రెండూ మెట్టు మీదే ఉన్నాయి. నన్ను ఎవరూ తాగమనలేదు. “పోయొస్త, అన్నా,” అన్నాను. పోయిరా తమ్మీ అనేవాడు ఎప్పుడూ. ఆ రోజు అనలేదు.

వాగు మీది అవతలి వంతెన ఎక్కాక వెనక్కి చూశాను. జంపఖానా ఇంకా గేటు మీదే ఉంది. లోపలి నుంచి ఒక కారు బయటికి రావాలని హారన్ మీద హారన్ కొడుతోంది. అన్న గేటు తీయడం లేదు. అప్పుడే పాలు పొయ్యడానికి వచ్చినాయనను బండి దిగమని, ఆయన చెయ్యి పట్టుకుని, కుడి సగం దగ్గరికి తీసుకుపోతున్నాడు.