పదకొండో నంబరు కోడిగుడ్డు

ఎదుటివాడి మిద్దె చూసి కుళ్ళుకునేవాళ్ళు ఉన్నారు, ఎదుటావిడ మెడలో గొలుసు చూసి కుళ్ళుకునేవాళ్ళు ఉన్నారు. పక్క మంచం మీది మనిషి అరకిలో బరువు పెరిగాడని కుళ్ళుకున్నవాణ్ణి మాత్రం నన్ను తప్ప ఇంకెవర్నీ నేను చూడలేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఐదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పడక బడి మానేశాను. ఎవరు ఎవర్ని మానుకున్నారో ఇప్పటికీ తేలలేదు. తిరుపతి బస్టాండు బయట ప్రైవేటు బస్సులకు జనాన్ని పిలిచి ఎక్కించడం నా పని. "చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరూ!" అని నేను అరిస్తే కొండకు పోవాల్సినవాళ్ళు కూడా వచ్చి ఎక్కేస్తారని పేరు. ఆ గొంతులోకే దగ్గు దూరింది. మొదట్లో పూతలపట్టు దగ్గర ఊపిరి ఆగేది. నెల తిరిగేసరికి పాకాల దగ్గరే ఆగింది. ఒకరోజు చంద్రగిరి కూడా దాటలేదు, చేతిలో తువ్వాలు ఎర్రబడింది.

టిబి అన్నారు. మా జిల్లాలోనే పడమటి గుట్టల నడుమ, చల్లగాలి తగిలేచోట ఉన్న ఆసుపత్రిలో చేర్చారు. మా ఆవిడ అప్పుడు నిండు నెలల మనిషి. నేను చేరిన ఇరవై రోజులకు ఆడపిల్ల పుట్టిందని కార్డు వచ్చింది. ఆ కార్డును నేను ఎన్నిసార్లు చదివానంటే, బడిలో పుస్తకం అన్నిసార్లు చదివి ఉంటే కలెక్టరునయ్యేవాణ్ణి.

పసిబిడ్డలను మా వార్డులోకి రానివ్వరు. గేటుకు దగ్గరగా బయటి వార్డు అని ఇంకొకటి ఉండేది. అందులోకి మారినవాళ్ళు సాయంత్రాలు బయట కూర్చోవచ్చు. కంచె అవతల నిలబడి ఇంటివాళ్ళు పిల్లల్ని చూపించి పోవచ్చు. అక్కడికి మారాలంటే రెండే షరతులు. గళ్ళ పరీక్షలో, అంటే దగ్గితే పడే కఫంలో, పురుగు కనపడకూడదు. వరసగా నాలుగు శనివారాలు బరువు పెరగాలి. నా గళ్ళ మూడో నెలకే శుభ్రపడింది. బరువే మొండికేసింది. నా కూతురి ముఖానికీ నాకూ మధ్య ఉన్నదల్లా వరండాలో పెట్టిన ఆ తూకం యంత్రం ఒక్కటే.

మా వార్డులో పేర్లు ఉండేవి కావు, మంచాల నంబర్లే. నేను పన్నెండు. నా ఎడమ పక్క పదకొండు. ఆయనది గూడూరు వైపు, యాభై దాటిన మనిషి. మైకా గనుల్లో పనిచేసి ఊపిరితిత్తుల నిండా ఆ మెరుపు దుమ్ము నింపుకుని వచ్చాడు. అప్పటికే రెండేళ్ళుగా ఆ మంచం మీదే ఉన్నాడు. "నా రొమ్ము కోస్తే లోపలంతా అద్దాలమేడే అబ్బయా" అని ఒకసారి అన్నాడు. అది నేను వేయాల్సిన జోకు. దానికీ కుళ్ళుకున్నాను.

తెల్లవారి కాఫీ రాకముందే ఆయన లేచి కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని సన్నటి గొంతుతో మొదలుపెట్టేవాడు. "ఒకటో నంబరుకు దగ్గు తగ్గించు ప్రభువా. రెండో నంబరుకు నిద్ర పట్టించు. మూడో నంబరు పెండ్లాం కోపం తగ్గించు." ఇట్లా ఇరవై దాకా పోయేవాడు. తన నంబరు మాత్రం చెప్పుకునేవాడు కాదు, పదినుంచి నేరుగా పన్నెండుకు దూకేవాడు. "పన్నెండో నంబరుకు బిడ్డ మొకం చూపించు."

మేమూ క్రైస్తవులమే. మా నాయన ఒక్క ఆదివారం కూడా తప్పకుండా గుడికి పోయేవాడు. నేను క్రిస్మస్‌కు పోయేవాణ్ణి, అదీ కొత్త చొక్కా చూపించుకోవడానికి. కాబట్టి పదకొండుకూ నాకూ దేవుడు ఒక్కడే. అక్కడే వచ్చింది మంట. వేరే దేవుడయితే వాళ్ళ దేవుడు అట్లా, మన దేవుడు ఇట్లా అని సర్దుకుని ఉందును. ఒకే ఇంట్లో పెద్దకొడుక్కు నెయ్యి వేసి, నాకు మజ్జిగ పోసినట్టు ఉండేది నా పరిస్థితి.

ఎందుకంటే ప్రతి శనివారమూ ఆయన పెరిగేవాడు, నేను తగ్గేవాణ్ణి.

"పదకొండు, అరకిలో ఎక్కినావు!" అనేది సిస్టరమ్మ, కార్డు మీద రాసుకుంటూ. "పన్నెండు, నువ్వేమప్పా, గాలి తిని బతకతా ఉండావా?"

"ఆ గాలి కూడా పదకొండో నంబరే ముందు పీల్చేస్తాడు సిస్టరమ్మా. మిగిలింది నాకొస్తాది."

వార్డంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం పొయ్యి రాజుకునేది.

ఒకరోజు అడిగేశాను. "అన్నా, నీ ప్రార్థనలో ఏదో మోసం ఉండాది. నా నంబరు సెప్పి నీ బరువు పెంచుకుంటా ఉండావు."

"నువ్వు గూడా చెయ్యి అబ్బయా. ఎవురు వొద్దన్నారు?"

"నేను సేస్తే నువ్వెవరప్పా అంటాడు దేవుడు. క్రిస్మస్ సొక్కా తప్ప నా మొకం యాడ సూసినాడు ఆయన?"

"చొక్కానన్నా గుర్తు పడతాళ్ళే."

సరే చూద్దామని ఒక వారం నేనూ ప్రార్థన చేశాను. ఏమని చేశానో చెప్పడానికి సిగ్గే. "నాకు అరకిలో ఇయ్యి ప్రభువా. నీ కాడ లేకపోతే పక్క మంచం దాంట్లోంచి తీసి ఇయ్యి." ఆ శనివారం రెండువందల గ్రాములు తగ్గాను. ఇక ఈ పని దేవుడికి వదిలితే అయ్యేది కాదని నేనే పూనుకున్నాను.

వార్డుల మధ్య నడిచే దారికి రెండు పక్కలా గులకరాళ్ళు పోసి ఉండేవి. లుంగీ కింద నాది పట్టాపట్టి నిక్కరు, సంచుల్లాంటి జేబులు. మరుసటి శనివారం జేబుకు రెండు రాళ్ళు చొప్పున వేసుకుని యంత్రం ఎక్కాను. మూడువందల గ్రాములు పెరిగాను. సిస్టరమ్మ ముఖం వెలిగిపోయింది. నాది ఇంకా వెలిగింది.

సాయంత్రం ఆ వెలుగు ఆరిపోయింది. మా ఆసుపత్రిలో పొద్దున అందరికీ ఒక గుడ్డు ఇచ్చేవారు. బరువు తగ్గుతున్నవాళ్ళకు సాయంత్రం ఇంకో గుడ్డు, గ్లాసెడు పాలు ఎక్స్‌ట్రా. నేను పెరిగాను కదా, నా ఎక్స్‌ట్రా ఆగిపోయింది. గుడ్డు పోతే ఒంట్లో బరువు పోతుంది. ఒంట్లో పోయినదానికి రాళ్ళు కలపాలి, దాని మీద పెరిగినట్టు కనపడడానికి ఇంకా కలపాలి. అయ్యవారి దగ్గర రాని లెక్క నాకు అక్కడ బాగా వచ్చింది. రెండో వారానికి కొత్త పెళ్ళికూతురి మాదిరి చిన్న చిన్న అడుగులు వేస్తూ యంత్రం దగ్గరికి పోతున్నాను.

ఎక్స్‌ట్రా ఆగిపోయిన మర్నాడు పొద్దున్నే పదకొండు తన గుడ్డు తెచ్చి నా పళ్ళెంలో పెట్టాడు.

"నాకు పైత్యం చేస్తుండాది అబ్బయా. నువ్వు తిను."

"రెండేండ్లుగా తింటానే ఉండావు గదన్నా. ఇప్పుడు కొత్తగా పైత్యమా?"

"పైత్యం గూడా ఎప్పుడో ఒకప్పుడు కొత్తగానే గదా వొచ్చేది."

తిన్నాను. ఆ మర్నాడూ పెట్టాడు. ఆ మర్నాడూ పెట్టాడు. దయ అనుకున్నానా? లేదు. బాగా బలిసి కొవ్వు పట్టింది, అందుకే గుడ్డు కూడా చేదయింది అనుకున్నాను. అనుకుంటూనే తిన్నాను.

నేను రాళ్ళు ఎత్తుకోకముందే ఆయన గళ్ళ కూడా శుభ్రపడి, శనివారాల లెక్క మొదలైంది. వరసగా రెండు శనివారాలు పెరిగాడు, మూడోసారి వంద గ్రాములతో గట్టెక్కాడు. నాలుగోది కూడా పెరిగితే సోమవారం బయటి వార్డుకు మార్పు. గూడూరు నుంచి ఆయన భార్య రైలూ బస్సూ పట్టుకుని ఆరోజుకు వస్తానని కబురంపింది. శనివారం పొద్దునే ఆయన తన దుప్పటి, గ్లాసు, రెండు పంచెలు మూట కట్టి మంచం మీద పెట్టుకున్నాడు. ఆరోజు పెట్టిన గుడ్డు కూడా ఆ మూటను చూస్తూనే తిన్నాను. నాకు రాళ్ళతో మూడో శనివారం, ఆయనకు నాలుగోది.

ఆయన ముందు ఎక్కాడు. సిస్టరమ్మ యంత్రం కమ్మీ మీది దిమ్మెను ముందుకు జరిపింది, వెనక్కు జరిపింది, మళ్ళీ చూసింది.

"ఏమన్నా ఇది? ముక్కాల్ కిలో దిగిపోయినావే! ఈరోజు ఎక్కింటే సోమవారం పోతా ఉంటివి. ఇంక మళ్ళీ మొదట్నుంచి ఎంచాల్సిందే."

"కానీలేమ్మా" అని దిగిపోయాడు.

నిజం చెప్పేస్తాను. నాకు ముందు వేసింది సంతోషమే. చల్లటి నీళ్ళు తాగినట్టు ఉండింది. ఆ సంతోషంతోనే యంత్రం మీద ఒక కాలు పెట్టాను. పెట్టి, తలుపులోంచి లోపలికి చూశాను. ఆయన మంచం మీద కూర్చుని మూట విప్పుతున్నాడు. ముడి గట్టిగా వేసినట్టున్నాడు, రాలేదు. వంగి పళ్ళతో లాగుతున్నాడు.

రెండు వారాలు, పద్నాలుగు గుడ్లు. వద్దన్నా లెక్క దానంతట అదే వచ్చింది.

పెట్టిన కాలు వెనక్కు తీసుకున్నాను. జేబుల్లో చేతులు పెట్టి రాళ్ళు ఒక్కొక్కటీ తీసి సిస్టరమ్మ బల్ల మీద పెట్టాను.

"ఇదేమప్పా ఇది?"

"నా బరువు సిస్టరమ్మా."

ఆ ఒక్క మాటకు మాత్రం వార్డులో ఎవరూ నవ్వలేదు. రాళ్ళు లేకుండా తూచి చూస్తే, నేను ఆసుపత్రిలో చేరిన రోజుకన్నా రెండు కిలోలు తక్కువ ఉన్నాను. పెద్ద డాక్టరు వచ్చి, "రాళ్ళు మోసే ఓపిక ఉంటే ఆసుపత్రి ఎందుకురా నీకు? రేణిగుంటలో మూటలు మోసుకో పో" అని తిట్టి, తిడుతూనే నాకు సాయంత్రం రెండు గుడ్లు రాసిపోయాడు. పదకొండుకు కూడా ఒకటి రాశాడు. ఇద్దరికీ లెక్క సున్నా నుంచి మొదలు.

పోయి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. "నీకు తెలుసా అన్నా, రాళ్ళ సంగతి?"

"మొదటి శనివారం నువ్వు యంత్రం మింద నుంచి దిగినప్పుడే ఇనపడింది. గనుల్లో ముప్పై ఏండ్లు చేసినోడికి రాళ్ళ చప్పుడు తెలీదా అబ్బయా?"

"మరి సిస్టరమ్మకు సెప్పలేదేం?"

చాలాసేపు దగ్గాడు. తర్వాత చెప్పాడు. నాకు ముందు పన్నెండో మంచం మీద ఒక టైలరు ఉండేవాడట. ఈయన వెనక వచ్చి ఈయనకన్నా ముందు ఇంటికి పోయాడట. "వోడు పొయ్యే రోజు పోయొస్తానన్నా అని వొచ్చినాడు. నేను గోడ వొంక తిరిగి పడుకున్నా. నిద్రపోతుండాడనుకోని పొయినాడు. ఆ మర్నాటి నుంచే ఈ నంబర్లు మొదులుపెట్టినా. పదకొండు దాకా బాగానే వొచ్చేది. పన్నెండు కాడ నోరు తిరిగేది కాదు. మంచం ఖాళీగా ఉన్నా తిరిగేది కాదు. నెల పట్టింది."

"నేనొచ్చినాక?"

"ఇంకా కష్టమైంది. వీళ్ళందరి కోసరం రోజూ నేను కదా అడిగేది? వీళ్ళేమో నీ మాటలకు నవ్వుతారు." ఆయన నవ్వాడు. "నేను భక్తుణ్ణని నువ్వు అనుకుంటుండావు. నేను రోజూ పొద్దున్నే మళ్ళీ మొదులుపెట్టేవోణ్ణి, అంతే."

తన నంబరు ఎందుకు దాటేస్తాడో నేను అడగలేదు. మొదట్లో ఆయన పదకొండు దాకా చెప్పేవాడనీ, తన నంబరు వదులుకున్నాకే పన్నెండుకు నోరు తిరిగిందనీ నాకు అప్పటికి అర్థమైంది.

ఐదారు వారాలకు ఆయన బయటి వార్డుకు మారాడు. మూట నేనే మోశాను. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. గేటు వైపు ఆయన నడుస్తుంటే నా లోపల పాత పొయ్యే మండింది. కానీ గోడ వైపు తిరిగి పడుకోలేదు.

మర్నాడు కాఫీ వేళకు మూడో నంబరు అరిచాడు. "ఏమప్పా, ఈ పొద్దు మా నంబర్లు ఎవరూ పిలవలేదే?"

అందరూ రోజూ వింటూనే ఉన్నారన్నమాట! నేను మొదలుపెట్టాను. మంచి మాటలు నాకు రావు. నాకు వచ్చిందల్లా బస్సుకు జనాన్ని పిలవడమే. "ఒకటీ, రెండూ, మూడూ..." అని బస్టాండు రాగంలోనే పిలిచి, "అందరూ ఎక్కినారు ప్రభువా, జాగ్రత్తగా దింపు" అనేవాణ్ణి. నవ్వేవారు. నవ్వుతూనే ఆమెన్ అనేవారు.

పదకొండో మంచం మీదికి ఒక గుమాస్తా వచ్చాడు. వచ్చిన మొదటి వారమే ముక్కాల్ కిలో ఎక్కాడు. ఆదివారం పొద్దున పది దాకా బాగానే పిలిచాను. పదకొండు దగ్గర నోరు ఆగిపోయింది. దగ్గు వచ్చినట్టు దగ్గి దాటేశాను. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను.

నాలుగు శనివారాలు కలిసి రావడానికి నాకు ఇంకో ఐదు నెలలు పట్టింది. ప్రతిసారీ సిస్టరమ్మ, "జేబులు సూపించు" అనేది. కంచె అవతలి నుంచి మా ఆవిడ బిడ్డను ఎత్తి చూపించిన రోజు, నా కూతురు నన్ను చూసి కేరుమని ఏడ్చింది.

పద్నాలుగు నెలలకు ఇల్లు చేరాను. పిల్ల అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. నన్ను చూస్తే పరుగెత్తి మా బావమరిది కాళ్ళు చుట్టుకునేది. నేను లేనన్నాళ్ళూ దాన్ని చంకనేసుకుని తిప్పినవాడు అతనే. దానికి వచ్చిన ఒకే ఒక మాట "మామ".

"రెండ్రోజులు ఓర్సుకో బావా, అదే వస్తాది" అనేవాడు అతను పిల్లను ముద్దాడుతూ. అతను అంత మంచివాడు కాకపోయి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. పొద్దున్నే ఇంట్లోవాళ్ళ కోసం వరసగా అడుక్కునేటప్పుడు అతని దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వచ్చేది, టిబి పోయినా సరే.

రోజుకో గుడ్డు తినమని డాక్టరు చెప్పి పంపాడు. ఆ గుడ్డు వలుచుకుని పొద్దున్నే గుమ్మంలో కూర్చునేవాణ్ణి. పిల్ల తలుపు చాటు నుంచి చూసేది. మొదటి రోజు రాలేదు. రెండో రోజూ రాలేదు. తొమ్మిదో రోజు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, నా చేతికి అందకుండా నిలబడింది.

"నాకు పైత్యం సేస్తా ఉండాది తల్లీ. నువ్వు తిను."

రెండు చేతులతో గుడ్డు అందుకుంది. అందుకుని, తిన్నగా పోయి వాళ్ళ మామ నోట్లో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే నేను మళ్ళీ గుడ్డు వలుచుకుని గుమ్మంలో కూర్చున్నాను.